కంటికి తెలియని కోత

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో చివరి పేజీలకు వెళ్తే ఒక నిబంధన కనిపిస్తుంది. ఫొటో 200×230 పిక్సెళ్లు ఉంటే మంచిది, ఫైలు 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. సంతకం 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. అభ్యర్థి ఫోన్లో ఉన్నదేమో నాలుగు ఎంబీల ఫొటో. ఈ రెండింటికీ పొంతన కుదర్చడానికి పిల్లలు నెట్ సెంటర్లలో వరస కడతారు. లేదంటే వెతగ్గానే మొదట కనిపించిన వెబ్‌సైట్‌కి తమ ముఖాన్నీ సంతకాన్నీ అప్పజెప్పేస్తారు. పెళ్లి ఫొటోలు అమెరికాలో ఉన్న అక్కకు పంపాలనుకునే తమ్ముడిదీ, వాట్సాప్‌లో చీరలు అమ్ముకునే ఆవిడదీ, పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి దాచేవారిదీ ఇదే సమస్య: ఫైలు చిన్నదవ్వాలి, బొమ్మ చెడకూడదు.

యాభై ఏళ్లుగా ఇంజినీర్లు దీని మీద పనిచేస్తూనే ఉన్నారు. వాళ్లు సాధించినవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే. నాణ్యత తగ్గిందా లేదా అన్నది బొమ్మను మాత్రమే చూసి చెప్పలేం. ఆ బొమ్మలో ఎవరు ఏం వెతుకుతారో తెలిస్తేనే, ఏది కోయొచ్చో ఏది కోయకూడదో తెలుస్తుంది.

ముందుగా కోయాల్సింది పిక్సెళ్లను. చాలామంది ఈ పని చివరికి గానీ చేయరు. ఫోన్ కెమెరా 12 మెగాపిక్సెళ్లలో తీస్తే బొమ్మ 4000×3000, అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక బైటు చొప్పున లెక్కేస్తే సుమారు 36 ఎంబీ. మన చేతికి వచ్చేసరికే ఫోన్ దాన్ని నాలుగైదు ఎంబీలకు కుదించి ఉంటుంది. అదే బొమ్మను ఫోన్ తెర మీద చూసేవారికి 1080 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది. 1080×810కి తగ్గిస్తే తొమ్మిది లక్షల లోపు పిక్సెళ్లు మిగులుతాయి, అసలులో పద్నాలుగో వంతు. తెర ఎలాగూ చూపించలేనివే పోయాయి కాబట్టి చూసేవారికి లోటు తెలియదు, వేళ్లతో సాగదీసి చూస్తే తప్ప. పిక్సెళ్ల జోలికి పోకుండా క్వాలిటీ ఒక్కటే తగ్గించుకుంటూ పోతే, ఇంత కోత వచ్చేసరికి ముఖం గళ్లు గళ్లుగా తయారవుతుంది.

తగ్గించడంలోనూ మంచిచెడ్డలున్నాయి. మధ్యమధ్యలో ఒక్కో పిక్సెల్‌ను ఏరుకుని తక్కినవి పారేసే సాఫ్ట్‌వేర్లో గీతల అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి, సన్నగళ్ల చీర మీద లేని అలలు పుడతాయి. చుట్టుపక్కల పిక్సెళ్లన్నిటినీ లెక్కలోకి తీసుకుని కొత్త పిక్సెల్‌ను తయారుచేసే లాంక్‌జోస్ లాంటి పద్ధతులు చాలా నయం. తగ్గించాక రవ్వంత షార్పెన్ చేస్తే బొమ్మ మళ్లీ తేటపడుతుంది. డీపీఐ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫైలు చిన్నది చేయమంటే 300 డీపీఐని 72కి మార్చి సేవ్ చేసేవారు ఎందరో. పిక్సెళ్లు అవే ఉంటే డీపీఐ మార్చినందువల్ల ఒక్క కేబీ కూడా తగ్గదు. అది కాగితం మీద ఎంత పరిమాణంలో అచ్చు వేయాలో ప్రింటర్‌కు చెప్పే సూచన మాత్రమే.

పిక్సెళ్లు సరిపెట్టుకున్నాక మిగిలేది అసలు కుదింపు. దాని వెనకున్న గణితం 1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో అచ్చయిన నాలుగు పేజీల వ్యాసంలో ఉంది. రాసింది ముగ్గురు: బెంగళూరులో పుట్టి కాన్సస్‌లో పాఠాలు చెప్పిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి.నటరాజన్, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి టెక్సస్‌లో ప్రొఫెసరైన కమిశెట్టి రామమోహనరావు. అహ్మద్ 1972లో ఈ పరిశోధనకు డబ్బు ఇవ్వమని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే, ఆలోచన మరీ సులువుగా ఉందని తోసిపుచ్చారు. ఆయన వదల్లేదు, 1973 వేసవిలో దాని మీదే కూర్చున్నారు. ఇవాళ ఫోన్లో తెరిచే దాదాపు ప్రతి ఫొటోలోనూ, ప్రతి వీడియోలోనూ ఆ డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామో దాని వారసులో పనిచేస్తున్నాయి. మనవాళ్ల పేర్లున్న ఈ వ్యాసం గురించి మన ఇంజినీరింగ్ తరగతుల్లో ఫార్ములాతో పాటు ఈ కథ కూడా చెప్పాలని నా కోరిక.

1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ ఆ గణితాన్ని ఎలా వాడుకుంటుందో దగ్గరగా చూస్తే కోత ఎక్కడ పడుతుందో అర్థమవుతుంది. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా విడగొడతారు. గడిలో ఉన్న 64 వెలుగు విలువలు మరో 64 అంకెలుగా మారతాయి. మొదటిది గడి మొత్తం సగటు వెలుగు. తర్వాతివి నెమ్మదిగా మారే ఛాయలు. చివరివి అతి సన్నని గీతలు, నలుసులు. ఇంతవరకూ పోయిందేమీ లేదు, అవే అంకెలను వెనక్కి తిప్పితే పాత గడి వచ్చేస్తుంది. పోయేది తర్వాతి మెట్టులో. ప్రతి అంకెనూ ఒక పట్టికలోని సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. జేపెగ్ ప్రమాణం ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో మొదటి సంఖ్య 16, చిట్టచివరిది 99. మొదటి చోట 37 ఉందనుకుందాం. 16తో భాగించి సవరిస్తే 2 వస్తుంది, బొమ్మ తెరిచినప్పుడు అది 32గా తిరిగొస్తుంది. చివరి చోట 40 ఉంటే 99తో భాగించగానే సున్నా, ఇక తిరిగి రాదు. నునుపైన చెంప మీద, ఆకాశంలో ఇలాంటి సున్నాలు బారులు తీరతాయి. ఆ బారులను ఒక్క చిన్న గుర్తుతో రాసేయొచ్చు. ఫైలు చిక్కిపోయేది అక్కడే.

క్వాలిటీ అని మనం కదిపే అంకె ఈ పట్టికనే మారుస్తుంది. విరివిగా వాడే లిబ్‌జేపెగ్‌లో 50 అంటే ఆ పట్టిక ఉన్నదున్నట్టు. 75 అంటే అందులో సగం. 90 అంటే అయిదో వంతు, అప్పుడు 16 కాస్తా 3 అవుతుంది, 99 ఇరవై అవుతుంది. ఇందాకటి 40 ఇప్పుడు చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. కాబట్టి 80 క్వాలిటీ అంటే బొమ్మలో 80 శాతం మిగిలిందని కాదు. ఒక సాఫ్ట్‌వేర్లో 80కీ మరోదానిలో 80కీ పోలిక కూడా ఉండనక్కర్లేదు, ఫొటోషాప్‌లోనైతే కొలతే 0 నుంచి 12. మామూలు ఫొటోలకు లిబ్‌జేపెగ్ లెక్కలో 80 నుంచి 85 దగ్గర కన్ను తేడా పట్టడం కష్టం. 95 నుంచి 100కి జరిపితే ఫైలు తరచూ రెట్టింపు దాటిపోతుంది, కంటికి మాత్రం కొత్తగా ఏమీ దక్కదు. అందుకే 100లో సేవ్ చేసే అలవాటు దండగ.

ఆ భాగహారానికి ముందే జేపెగ్ ఇంకో కోత కోస్తుంది. తెలుగువారికి అసలు చిక్కు అక్కడుంది. మనిషి కన్ను వెలుగులో సన్నని తేడాలను పట్టినంతగా రంగులో పట్టలేదు. అందుకని బొమ్మను వెలుగు ఒక పొర, రంగు రెండు పొరలుగా విడదీసి, రంగు పొరలను అడ్డంగా నిలువుగా సగానికి కుదించేస్తారు. దీన్నే 4:2:0 అంటారు. ఈ ఒక్క దెబ్బకు సమాచారం సగమైపోతుంది. పెరటి మామిడిచెట్టు ఫొటోలో ఇది ఎవరికీ తెలియదు. నల్లని నేపథ్యం మీద ఎర్రటి టైటిల్ ఉన్న సినిమా పోస్టర్ తీసుకోండి. ఎరుపులో వెలుగు తక్కువ, అక్షరం అంచు వివరమంతా రంగు పొరల్లోనే ఉంటుంది. వాటిని సగం చేయగానే తలకట్టు పక్కకు చిమ్ముతుంది, ఒత్తు కింది గీతలో కలిసిపోతుంది. పైగా అక్షరం లాంటి పదునైన అంచు చుట్టూ జేపెగ్ దోమలు ముసిరినట్టు నలుసులు వదులుతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు దీన్ని కొంత తట్టుకుంటాయి. గుడి, సున్న, కింద ఒత్తు అన్నీ ఒకే అక్షరంలో ఇమిడే తెలుగు తట్టుకోలేదు. రంగు అక్షరాలున్న శుభలేఖలూ పోస్టర్లూ జేపెగ్‌లోనే పంపక తప్పకపోతే సబ్‌శాంప్లింగ్‌ను 4:4:4కి, అంటే రంగు పొరలను కుదించకుండా ఉంచేలా మార్చాలి. గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో సేవ్ చేసేటప్పుడు ఆ అవకాశం ఉంటుంది. ఫైలు కొంచెం పెరుగుతుంది, అక్షరం నిలుస్తుంది.

నిజానికి అక్షరాలూ గీతలూ స్క్రీన్‌షాట్లూ జేపెగ్ పని కాదు. వాటికి 1996లో వచ్చిన పీఎన్‌జీ ఉంది. జిఫ్ వాడే ఎల్‌జడ్‌డబ్ల్యూ పద్ధతి మీద పేటెంటు గొడవ లేవడంతో, ఎవరి అనుమతీ అక్కర్లేని ఫార్మాట్ కావాలని దీన్ని తయారుచేశారు. ఇది ఒక్క పిక్సెల్‌నూ మార్చదు. ఒకేరంగు నేపథ్యం ఉన్న బొమ్మలో జేపెగ్ కంటే చిన్నగా ఉంటుంది, పెళ్లి ఫొటోను ఇందులో పెడితే మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పీఎన్‌జీ ఇంకా తగ్గాలంటే రంగులను 256కి పరిమితం చేసే పీఎన్‌జీక్వాంట్ లాంటి పనిముట్లున్నాయి. స్క్రీన్‌షాట్లు తరచూ సగానికి పైగా తగ్గుతాయి, తేడా వెతికి పట్టుకోవాల్సి వస్తుంది.

కొత్త ఫార్మాట్ల వరస పెద్దదే, నా దృష్టిలో అన్నిటికీ ఒకే విలువ లేదు. గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్‌పీ, అదే నాణ్యతకు జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్నదని గూగుల్ లెక్క. 2020లో సఫారీ కూడా దాన్ని తెరవడం మొదలుపెట్టాక వెబ్‌సైట్లకు అది నిశ్చింతగా వాడుకోదగినదైంది. కానీ కోత కోసే వెబ్‌పీ ఎప్పుడూ 4:2:0లోనే ఉంటుంది, ఎర్రటి టైటిల్ బాధ అక్కడా తప్పదు. 2017లో ఐఫోన్లకు వచ్చిన హెచ్‌ఈఐసీ సైజులో మేలు చేస్తుంది, మన దరఖాస్తు పోర్టళ్లు చాలావాటికి మాత్రం గిట్టదు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఆపైన ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే ఫోన్ నేరుగా జేపెగ్‌లోనే తీస్తుంది. 2019లో వచ్చిన ఏవీఐఎఫ్ తక్కువ కేబీల్లో అద్భుతంగా కనిపిస్తుంది. జేపెగ్ గళ్లు గళ్లుగా చెడితే, ఏవీఐఎఫ్ నున్నగా చెడుతుంది. ఇది మరింత జాగ్రత్తగా చూడాల్సిన చెడు. పోచంపల్లి చీర ఫొటోలో రంగులు బాగున్నాయి, కొంగు బాగుంది, నేత మాత్రం గుడ్డ కాదు ప్లాస్టిక్ అన్నట్టు చదునై ఉంటుంది. దారిన పోయేవారికి అది మంచి ఫొటోయే. చీర కొనేవారు వెతికేది ఆ పోగులనే. అమ్మేవారు అంచునూ నేతనూ దగ్గరగా తీసిన ఒక ఫొటోను ఎక్కువ క్వాలిటీలో ఉంచి, మిగతా నాలుగింటినీ గట్టిగా కుదించుకోవడం మేలు.

2022లో ప్రమాణమైన జేపెగ్ ఎక్స్‌ఎల్ మీద నాకు ఎక్కువ ఆశ. ఉన్న జేపెగ్ ఫైలును ఒక్క బిట్టు పోకుండా సుమారు అయిదో వంతు చిన్నది చేస్తుంది, కావాలంటే పాత ఫైలును అచ్చంగా తిరిగిస్తుంది. ముప్పై ఏళ్ల కుటుంబ ఫొటోలు జేపెగ్‌లో ఉన్న ప్రపంచానికి ఇంతకంటే పనికొచ్చే గుణం ఏముంటుంది? 2022 చివర్లో క్రోమ్ నుంచి దీన్ని తీసేస్తున్నామని గూగుల్ ప్రకటించడంతో వ్యాప్తికి పెద్ద దెబ్బ తగిలింది. మరుసటి ఏడాది ఆపిల్ సఫారీలో చేర్చుకుంది. ఈలోగా పాత జేపెగ్ కూడా ముసలిదై మూలన కూర్చోలేదు. మొజిల్లా 2014లో విడుదల చేసిన మొజ్‌జేపెగ్, గూగుల్ 2024లో తెచ్చిన జేపెగ్‌లీ ఏ పాత ఫోన్లోనైనా తెరుచుకునే మామూలు జేపెగ్‌నే మరింత తెలివిగా కుదిస్తాయి. ఎవరికి పంపుతున్నామో, వాళ్ల ఫోన్లో ఏముందో తెలియనప్పుడు నేను ఇదే దారి చెబుతాను.

ఇన్ని పద్ధతుల్లో ఏది మేలో కొలిచేదెలా? మొదట్లో పీఎస్ఎన్ఆర్ అనే లెక్క వాడేవారు. పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ ఎంత తేడా వచ్చిందో కూడి చెబుతుంది, ఆ తేడా ఆకాశంలో ఉందో కనుపాపలో ఉందో దానికి పట్టదు. 2004లో వాంగ్, బోవిక్, షేక్, సిమోన్‌చెల్లి ప్రతిపాదించిన ఎస్ఎస్ఐఎం బొమ్మ నిర్మాణాన్ని పోల్చి చూస్తుంది, కంటి తీర్పుకు కొంత దగ్గరగా వస్తుంది. తర్వాత వచ్చిన బటరౌగ్లీ, ఎస్ఎస్ఐఎంయులాక్రా 2 మరింత దగ్గర. లక్షల ఫొటోలున్న సంస్థకు ఇవి అవసరం. ఇంట్లో పదిమంది ఫొటోలు కుదించుకునేవారు రెండు ఫైళ్లనూ ఒకే చోట ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి చూస్తే చాలు. పక్కపక్కన పెడితే తప్పించుకునే తేడా అలా చూస్తే దొరికిపోతుంది. వెతకాల్సిన చోట్లు జుట్టు అంచు, సాయంకాలపు ఆకాశంలో రంగు మారే చోటు, ముదురు నీడలు, చిన్న అక్షరాలు.

ఇంతవరకూ చెప్పినదంతా కంటికి కనిపించే నష్టం. కనిపించని నష్టం ఇంకా ప్రమాదం. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ ఒక ఇంటి ప్లాన్‌ను జిరాక్స్ వర్క్‌సెంటర్ మెషీన్లో స్కాన్ చేసిన ఉదంతాన్ని బయటపెట్టారు. అసలు కాగితం మీద మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42. స్కాన్‌లో మూడూ 14.13 అయ్యాయి. మసక లేదు, గళ్లు లేవు, అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ మెషీన్ వాడిన జేబిగ్2 అనే పద్ధతి ఒకేలా ఉన్నాయనిపించిన ఆకారాల్లో ఒకదాన్ని మాత్రమే దాచి, మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది. 6 ఉన్నచోట 8 కూడా అలాగే వచ్చింది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది.

పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు 168 కాస్తా 188 అయితే ఆ రైతు ఏ ఆఫీసు చుట్టూ తిరగాలి? తెలుగులో అయితే ద, ధ, థ మధ్య తేడా లోపలి ఒక చుక్క, కింది ఒక గీత. ప, ఫ మధ్య తేడా అంతకంటే ఎక్కువేం కాదు. ఆకారాలను పోల్చి అతికించే ఏ పద్ధతినీ మన పత్రాల మీద ప్రయోగించకూడదని నా గట్టి అభిప్రాయం. 2025లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్ ఏఐ లాంటి, నేర్చుకున్న జ్ఞానంతో బొమ్మను తిరిగి అల్లే పద్ధతుల పట్లా ఇదే జాగ్రత్త ఉండాలి. పూల తోటకు అవి బాగుంటాయి, సంతకానికి పనికిరావు. అచ్చు పేజీకి మంచి మార్గం పాతదే: 300 డీపీఐలో స్కాన్ చేసి, నలుపు తెలుపుల్లోకి మార్చి, జీ4 లాంటి నష్టంలేని పద్ధతిలో దాచడం. ఏ4 పేజీలో 87 లక్షల పిక్సెళ్లున్నా మామూలు అచ్చు పేజీ వంద కేబీకి అటూఇటూగా వచ్చేస్తుంది. సీలూ సంతకమూ రంగులో ఉండితీరాల్సిన పత్రానికి మాత్రం ఇది కుదరదు.

కొన్నిచోట్ల కఠినమైన కోత న్యాయమే. ఆధార్ మీది సెక్యూర్ క్యూఆర్ కోడ్‌లో పేరు, చిరునామాతో పాటు ఫొటో కూడా ఉంటుంది. అతి పెద్ద క్యూఆర్ కోడ్ పట్టగలిగేదే మూడు వేల బైట్ల లోపు. అందుకే ఆ ఫొటోను జేపెగ్ 2000లో అతి చిన్నదిగా కుదించారు. ఎదురుగా ఉన్న మనిషి ఇతనేనా అని పోల్చుకోవడానికి అది చాలు.

రోజూ మనకు తెలియకుండా కోత కోసేది వాట్సాప్. మామూలుగా పంపిన ఫొటో పిక్సెళ్లూ క్వాలిటీ రెండూ తగ్గి చేరుతుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ ఎంపిక వచ్చాక కొంత మెరుగు. ఫొటోగ్రాఫర్‌కు ఆల్బమ్ కోసం పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి, అప్పుడు ఫైలు ముట్టుకోకుండా వెళ్తుంది. ఒక యాప్ నుంచి మరో యాప్‌కు దిగుమతై, స్క్రీన్‌షాటై, క్రాపై, మళ్లీ ఫార్వర్డయిన పేపర్ కటింగ్ చదవలేనంత చెడిపోయేది ఇందుకే. క్రాప్ చేసినప్పుడూ పరిమాణం మార్చినప్పుడూ ఆ ఎనిమిది పిక్సెళ్ల గళ్ల హద్దులు జరిగిపోతాయి, పాత గీతల మీద కొత్త కోత పడుతుంది. ఏ కుదింపైనా అసలు ఫైలు నుంచి ఒక్కసారే చేయాలి, అసలును దాచుకోవాలి.

ఫొటో వెంట వచ్చే అదనపు వివరాలను తీసేస్తే కొన్ని కేబీలు కలిసొస్తాయి. ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ సమాచారం కూడా పోతుంది, అది మంచిదే. అయితే అందులోనే ఫొటోను ఏ వైపు తిప్పి చూపాలో చెప్పే గుర్తు, రంగుల ప్రొఫైల్ కూడా ఉంటాయి. గుడ్డిగా అన్నీ చెరిపితే మనిషి పక్కకు పడుకుంటాడు, ఐఫోన్‌లో తీసిన ఎరుపు వెలిసిపోతుంది.

మళ్లీ ఆ దరఖాస్తు సంగతి. 140×60 సంతకంలో ఉండేవి 8,400 పిక్సెళ్లు. ఏ కుదింపూ లేకుండా దాచినా 25 కేబీ దాటదు. రంగు పొరలను సగం చేస్తే 12 కేబీ చిల్లర. తెల్లకాగితం మీద నల్లగీతకు మామూలు క్వాలిటీలో నాలుగైదు కేబీలు కూడా ఎక్కువే. అలాంటప్పుడు కనీసం 10 కేబీ ఉండాలనడంలో అర్థం లేదు. చక్కగా తగ్గించుకున్న అభ్యర్థి, ఫైలు మరీ చిన్నదని తిరస్కారం చూసి, సైజు పెంచే వెబ్‌సైట్ల కోసం వెతుక్కుంటున్నాడు. ఆ వెబ్‌సైట్ల సర్వర్లలో అతని ముఖం, సంతకం ఎన్నాళ్లుంటాయో ఎవరికీ తెలియదు. గూగుల్ క్రోమ్ బృందం 2018లో విడుదల చేసిన స్కూష్ బొమ్మను సర్వర్‌కు పంపకుండా మన బ్రౌజర్లోనే కుదిస్తుంది. ప్రస్తుతానికి విద్యార్థులకు నేను చూపగలిగే భద్రమైన దారి అది.

స్కూష్ చేసే పనిని పోర్టల్ కూడా చేయగలదు. ఫోన్ ఫొటోను తీసుకుని, తెర మీద చట్రం చూపించి క్రాప్ చేయించి, కావలసిన పిక్సెళ్లకు దించి, జేపెగ్‌గా మార్చి పంపే సామర్థ్యం ఇవాళ్టి ప్రతి బ్రౌజర్లో ఉంది. కేబీల లెక్క అభ్యర్థికి కనిపించనే అక్కర్లేదు. ఆ మార్పుకు టెండర్లూ సమయమూ కావాలంటే సరే, కనీస పరిమితిని మాత్రం వచ్చే నోటిఫికేషన్‌కే తీసేయొచ్చు. 4 కేబీల సంతకం చదవగలిగేలా ఉంటే దాన్ని వెనక్కి పంపడానికి కారణమేమీ లేదు.